గట్టయ్యను ఎవరు పిలవాలి

చాందాలోని బాబుపేట్‌లో గని కూలీల ఇళ్ల వరసలో సారక్క కొడుకును చూడటానికి వచ్చినవాళ్లు ఊరికే చూసి పోతే బాగుండేది. ప్రతివాళ్లూ గడప దగ్గర నిలబడి ఒక మాట వదిలిపెట్టి పోయేవాళ్లు. "ఇంకా కూసుంటలేడా?" అని ఒకరు. "మెడ గిట్ల వాలుస్తుండేందే?" అని ఇంకొకరు. "మా పిలగాడైతే ఈ పాటికి ఇల్లంత పాకిండు" అని మూడో ఆవిడ. ఆ మూడో ఆవిడ పిలగాడు మట్టి తిని నెలరోజులు విరేచనాలతో పడ్డ సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పిల్లలందరూ ఒక్క ముహూర్తానికే కూర్చోవాలి, ఒక్క ముహూర్తానికే పాకాలి అని ఎవరు శాసనం రాశారో గానీ, పక్కింటి పిల్లాడితో మన పిల్లాడిని కొలిచే పనికి లోకంలో ఎవరికీ విసుగు రాదు.

పిల్లాడికి తొమ్మిదో నెల నడుస్తోంది. గోడకు ఆనించి కూర్చోబెడితే మెల్లగా పక్కకు ఒరిగిపోయేవాడు. పాలు తప్ప ఇంకేదీ కడుపులో పడలేదు. సారక్క పాలు నానాటికీ తగ్గుతున్నాయి, వాడి ఆకలి నానాటికీ పెరుగుతోంది. మెతుకు తాకనిస్తే వాడు నిలబడతాడని ఆమె మనసుకు తెలుసు. కానీ ఆ ఇంట్లో మెతుకు తాకనివ్వడం ఆమె చేతిలో లేదు.

ఆ ఇంటి పద్ధతి వేరు. పిల్లకు మొదటి బువ్వ మేనమామే పెట్టాలి. అది అందరిళ్లలో ఉన్నదే. వీళ్లింట్లో ఇంకో మెలిక ఉంది. పిల్లను తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మేనమామ పక్కన నిలబడి పేరు పెట్టి పిలవాలి. పిల్ల పేరుకు తిరిగి చూడాలి. అప్పుడే బెల్లం కలిపిన బువ్వ నోట్లో పెట్టాలి. "పేరుకు పలుకనోని కడుపుల మెతుకు పడితే అది వానికి అందది, ఎవనికో పోతది" అనేది సారక్క అత్త గంగవ్వ. ఆ ఎవడో ఎవడని అడిగే ధైర్యం సారక్కకు లేదు.

మేనమామ అంటే సారక్క అన్న ఎల్లన్న. వాళ్లది వార్ధా నదికి అవతల, రాజురా తాలూకాలో పల్లె. సారక్క పెళ్లయి వచ్చినప్పుడు పుట్టిల్లు హైదరాబాద్ రాష్ట్రంలో, అత్తిల్లు ఇంకో రాష్ట్రంలో ఉండేవి. ఆ తర్వాత రాష్ట్రాలను కలిపి, విడదీసి, మళ్లీ కుట్టారు. రాజురా, చాందా రెండూ బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాయి. నది రెండు దిక్కులా ఒకటే సర్కారు అయిందని సారక్క సంబరపడేలోపే, రాజురా తాలూకా కచేరీలో జవానుగా ఉన్న ఎల్లన్నను ఆంధ్రప్రదేశ్ కిందికి పోయిన ఆసిఫాబాద్‌కు పంపేశారు. కచేరీలో కాగితాలన్నీ మరాఠీకి మారుతున్నాయి, ఇతనికి తెలుగు, ఉర్దూ తప్ప రావు, తనే అడిగి అటు పోయాడని కూడా అన్నారు. ఏదైతేనేం, గీత చెరిపేసిన రోజుల్లోనే ఆమె అన్న గీతకు అవతల పడ్డాడు.

పిల్లాడికి ఆరో నెల వచ్చినప్పుడు ఎల్లన్నకు సెలవు దొరకలేదు. ఏడో నెలలోనూ దొరకలేదు. ఎనిమిదో నెల చివర్లో రైలెక్కి వచ్చాడు. గంగవ్వ అలికి ముగ్గు పెట్టింది, సారక్క పిల్లాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది, ఎల్లన్న పక్కన నిలబడి గొంతు సవరించుకుని పిలిచాడు.

"గట్టయ్యా!"

పిల్లాడు కాలి వేలు చూసుకుంటున్నాడు.

"ఓ గట్టయ్యా! అల్లుడా!"

వాడు వేలును వదిలి చీర అంచు పట్టుకున్నాడు. ఎల్లన్న మళ్లీ పిలిచాడు, ఇంకా గట్టిగా పిలిచాడు, చివరికి బతిమాలాడు. పిల్లాడు తలెత్తలేదు. గిన్నెలో బువ్వ చల్లారిపోయింది. గంగవ్వ గిన్నె తీసుకెళ్లి వీధిలో ఆవుకు పెట్టేసింది. ఎల్లన్న తనదే తప్పన్నట్టు తల దించుకుని సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి వరసలో మాట మారిపోయింది. కూర్చోడు అనేవాళ్లు, చెవుడేమో అనసాగారు. చెవుడు అన్నవాళ్లు, బుద్ధి కూడా లేదేమో అనే దాకా వచ్చారు.

సారక్క పిల్లాడిని చంకన వేసుకుని సర్కారు దవాఖానాకు పోయింది. అక్కడి నర్సమ్మ వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. వాడు గిరుక్కున తిరిగి చూశాడు. "వినబడుతోంది కదా" అని నర్సమ్మ హిందీలో అంది. వాడి రెక్కలు పట్టి చూసి, "ఇంతవరకు అన్నం పెట్టలేదా? పప్పుకట్టు, మెత్తటి అన్నం పెట్టు, కూర్చుంటాడు" అని కసిరింది. సారక్క తల ఊపింది. ఇంట్లో పద్ధతి సంగతి ఆమెకు చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తల ఊపింది. దారంతా ఒకటే ఆలోచన. చప్పట్లకు తిరిగినవాడు పేరుకు ఎందుకు తిరగడు?

జవాబు నల్లా దగ్గర దొరికింది. నీళ్ల కోసం నిలబడినప్పుడు పక్కింటి తానీబాయి దూరంగా ఆడుకుంటున్న తన కొడుకును "వామన్యా!" అని కేకేసింది. వాడు తిరిగి చూశాడు. ఇంకోసారి పిలిచింది, ఇంకోసారి చూశాడు. సారక్క బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. తన కొడుకును ఆ ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా, ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచారా?

ఎవరూ పిలవలేదు. పిలవలేరు. గట్టయ్య అన్నది ఆమె మామ పేరు, గంగవ్వ మొగుని పేరు. పిల్లాడు పుట్టే ముందు ఏడాదే ఆయన జ్వరంతో పోయాడు. మనవడికి ఆయన పేరే పెట్టాలని గంగవ్వ పట్టుబట్టింది. పట్టుబట్టి పెట్టించింది గానీ పెళ్లాం మొగుని పేరు పలకకూడదు, కోడలు మామ పేరు పలకకూడదు. గంగవ్వ వాణ్ణి "పెద్దాయన" అనేది. సారక్క "అయ్య" అనేది. వాడి తండ్రి దేవన్నకు తన తండ్రి పేరు పెట్టి పసివాణ్ణి పిలవడం సిగ్గు, అతనూ "అయ్య" అనేవాడు. తానీబాయి మరాఠీలో "బాళా" అనేది. ఇంతమంది ఇన్ని రకాలుగా పిలిచి, అసలు పేరును మాత్రం దేవుడి పటంలా గోడకు తగిలించి ఉంచారు. ఆ పేరుకు పలకలేదని పిల్లాడికి బువ్వ ఆపేశారు! సారక్కకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపు మండింది.

ఇంటికొచ్చి దేవన్నను పక్కకు పిలిచింది.

"నువ్వు రోజు వాన్ని పేరు పెట్టి పిలువరాదు? అలవాటైతది."

"మా అయ్య పేరు పెట్టి నేనెట్ల పిలుస్తనే?"

"నీ కొడుకే గద."

దేవన్న అటూ ఇటూ చూసి, పిల్లాడి దగ్గర కూర్చుని, "గట్..." అని ఆగిపోయాడు. నవ్వేశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నాతోని కాదు సారక్కా, ఆయనే ముంగట కూసున్నట్టుంది" అని టిఫిన్ డబ్బా అందుకుని గనికి పోయాడు. మంచివాడే. మంచివాళ్ల వల్ల ఆడవాళ్లకు ఎంత ఉపయోగమో సారక్కకు ఆ పూట బాగా తెలిసింది.

ఇక మిగిలింది అత్త. పొయ్యి దగ్గర కూర్చుని చెప్పింది, చుట్టూ తిప్పి, పేరు నోట రాకుండా. "అత్తా, మనం ఎవ్వలం పిలుస్తలేం గద, అందుకే పలుకుతలేడేమో."

గంగవ్వ చేతిలో గరిటె ఆగింది. "మరేం జేయాల్నంటవ్? నలభై ఏండ్లు కాపురం జేసిన, ఒక్కనాడు పలుకలే. ఆయన పోయినంక పలుకమంటవా? లోపం పిలగాన్ల ఉంటే పేరు మీదికి తోస్తవా?"

సారక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. తనే పిలుద్దామనుకుంది. ఎవరూ లేనప్పుడు పిల్లాడి మీదికి వంగింది. "గ" అనే అక్షరం గొంతులోకి వచ్చింది. మామ తెల్ల తలపాగా కళ్ల ముందు మెదిలింది, ఆయన గడపలోకి వస్తే కొంగు లాక్కుని పక్కకు జరిగిన రోజులు మెదిలాయి. అక్షరం అక్కడే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి నోటికి వేసిన తాళం, తీద్దామనుకున్నప్పుడు దాని చెవి ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? తన మీద తనకే అసహ్యం వేసింది. కొడుకు ఆకలి కన్నా చచ్చిపోయిన మామ మర్యాద ఎక్కువైందా అని తిట్టుకుంది. తిట్టుకున్నా నోరు రాలేదు.

నోరు రాకపోతే చెయ్యైనా రావాలి కదా. ఒక మధ్యాహ్నం గంజిలో నాలుగు మెతుకులు నలిపి వేలితో వాడి నాలుక మీద పెట్టింది. వాడు చప్పరించి, చప్పరించి, ఇంకా కావాలని ఆమె వేలు పట్టుకుని లాగాడు. అంత బలం వాడి చేతిలో ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. గంగవ్వ వచ్చి వాడిని ఎత్తుకుంది, వాడి మూతి దగ్గర ముక్కు పెట్టింది, గంజి వాసన పట్టేసింది. వాడిని అలాగే ఎత్తుకుని పెరట్లోకి పోయింది. తిట్టి ఉంటే సారక్కకు కొంచెం తేలికయ్యేది.

ఆ మరునాటి నుంచి పిల్లాడు సారక్క చేతిలో లేడు. పాలివ్వడానికి అందించడం, పాలు తాగగానే తీసుకోవడం. పొద్దంతా గంగవ్వ చంకలోనే. వాణ్ణి పెరట్లోకి తీసుకుపోయి రాతి మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని ఊపుతూ ఏదో గొణిగేది. వంటింటి కిటికీలోంచి చూస్తే ముసలామె పెదవులు కదలడమే కనిపించేది. దిష్టి మంత్రాలు చదువుతోందనుకుంది సారక్క. మంత్రాలతో కడుపు నిండుతుందా అని రొట్టె పిండి మీద కోపం చూపించేది. తలుపు తీసే ఉంది, దారి రాజురా దాకా ఉంది, ఆసిఫాబాద్‌కు రైలు కూడా ఉంది. అయినా ఆ వంటింట్లోంచి పెరట్లోకి పోయి తన కొడుకును తాను ఎత్తుకోలేకపోయింది.

పదో నెలలో ఎల్లన్న మళ్లీ వచ్చాడు. ఈసారి పలకకపోతే ఏడాది నిండేదాకా ఆగాలని గంగవ్వ ముందే చెప్పింది. పిల్లాడి కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. ఏడాది దాకా వీడు ఆగుతాడా అన్నది సారక్క ఎవరినీ అడగలేదు. దేవన్న గనికి పోకుండా గోడకానుకుని నిలబడ్డాడు. గంగవ్వ వంటింటి గడపలో, అందరికీ దూరంగా కూర్చుంది. ఎల్లన్న గిన్నె పట్టుకుని సారక్క కుడిపక్కన నిలబడ్డాడు. సారక్క పిల్లాడి కడుపు చుట్టూ చేతులు బిగించి కళ్లు మూసుకుంది.

"గట్టయ్యా!"

ఒళ్లో కదలిక తెలిసింది. కళ్లు తెరిచింది. పిల్లాడు తలెత్తాడు. ఎల్లన్న వైపు చూడలేదు, తండ్రి వైపు చూడలేదు. తలను మొత్తంగా వెనక్కి తిప్పి వంటింటి గడప వైపు చూశాడు. గంగవ్వను చూసి కిలకిలా నవ్వి రెండు చేతులూ చాచాడు. ఆ మాట ఎవరి నోట రోజూ విన్నాడో ఆ మనిషి దగ్గరికే పోదామని చాచాడు.

గంగవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నుంచే అంది.

"ఏం జేయాలె మరి? పోరడు నా కండ్ల ముంగట ఎండిపోవట్టె. ఆయనున్నప్పుడు ఒక్కనాడు పిలువకపోతి. ఇప్పుడు పిలిస్తే కోపం జేస్తడా అని అనుకుంట, అనుకుంట పిలిచిన." కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. "చూస్తవేంది ఎల్లన్నా? పేరుకు పలికిండు గద. పెట్టు."

ఎల్లన్న గిన్నెలో ముద్ద కలిపాడు. ముద్ద వాడి నోటికి తగిలింది. వాడు చప్పరించాడు, మింగాడు, మళ్లీ నోరు తెరిచాడు. దేవన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "నువ్వు కూడ పిలిచి పెట్టు, బిడ్డా" అంది గంగవ్వ కోడలితో. అందరూ ఆమె వైపు చూశారు. సారక్క పెదవులు కదిలాయి. ఎంత కదిలినా పేరు రాలేదు. కళ్లనీళ్లే వచ్చాయి. పేరు లేకుండానే ముద్ద మీద ముద్ద పెట్టింది, వాడు పేరు అడగకుండానే తిన్నాడు.

తిన్నవాడు కూర్చున్నాడు. కూర్చున్నవాడు పాకాడు, ఆలస్యంగా నడిచాడు, నడక వచ్చాక మాత్రం ఆగలేదు. వరసలో ఎవరూ ఆ సంగతి పొగడలేదు. వాళ్లు అప్పటికే ఇంకో ఇంటి పిల్లాడిని కొలవడంలో ఉన్నారు. గంగవ్వ ఇప్పుడు ఇల్లంతా వినబడేలా మనవణ్ణి పేరు పెట్టి పిలిచేది, పేరు పెట్టి తిట్టేది కూడా. నలభై ఏళ్ల బాకీ తీర్చుకుంటోందని దేవన్న నవ్వేవాడు. సారక్క మాత్రం "అయ్య" దగ్గరే ఉండిపోయింది. కొడుకు పేరు అందరి నోళ్లలో తిరుగుతుంటే తన నోట్లో మాత్రం అది మామగారి పేరుగానే మిగిలింది.

మరుసటి ఏడు ఎండాకాలం. సారక్క గడప దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. పిల్లాడు పక్కనే రాళ్లు పేరుస్తున్నాడు. చేట దించి చూసేసరికి లేడు. రోడ్డు మీద ఉన్నాడు. మలుపులోంచి బొగ్గు లారీ వస్తోంది, వాడు దానికి ఎదురుగా పరుగెత్తుతున్నాడు. లేచి పరుగెత్తినా అందే దూరం కాదు.

"గట్టయ్యా!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని ఆమెకు తెలియదు. వాడు టక్కున ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. లారీ దుమ్ము రేపుతూ వాడి ముందు నుంచి పోయింది.

ఇంట్లోంచి గంగవ్వ గొంతు వినిపించింది. "ఎవ్వలే, ఆయన పేరు పెట్టి గంత గట్టిగ పిలిచింది?"

సారక్క రోడ్డు మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని పిల్లాడిని గుండెకు అదుముకుని ఉంది. జవాబు చెప్పడానికి ఊపిరి అందేదాకా ఆగింది.

"నేనే అత్తా. ఆయనను కాదు. నా కొడుకును పిలిచిన."