కడిగిన పొగాకు

మద్దయ్య దగ్గు ముదిరిందని అతని భార్య సుంకమ్మకు బట్టే చెప్పింది. మగ్గం గుంటలో కూర్చుని అతను పోగును బిగించే పలకతో కొట్టే దెబ్బ సమంగా పడితే నేత సమంగా వస్తుంది. దగ్గు వచ్చినప్పుడు దెబ్బ తప్పుతుంది, అక్కడ పోగులు పలచబడతాయి. ఆ ఏడు, అంటే పందొమ్మిది వందల ముప్పై ఆరులో, మగ్గం నుంచి కోయబోయే చీరను ఆమె వెలుతురుకు పట్టి చూస్తే జానెడుకొక సన్నగీత కనిపించింది. మద్దయ్య అన్న పుల్లన్న చివరి రోజుల్లో నేసిన చీరలు కూడా ఇట్లాగే ఉండేవి. ఆ గీతలు కనిపించాక పుల్లన్న బతికింది ఆరు నెలలు.

చుట్ట మానమని చెప్పనివాళ్లు కోడుమూరులో లేరు. కర్నూలు నుంచి వచ్చిన ఒక ఉపన్యాసకుడు చావడి దగ్గర దేహశుద్ధి గురించి గంటన్నర మాట్లాడి, నేతగాళ్లందరి చేతా కర్పూరం మీద ఒట్టు వేయించాడు. రోజుకు పన్నెండు గంటలు గుంటలో కూర్చుని చూడమని ఆయనను ఎవరూ అడగలేదు. కర్పూరం ఆరకముందే మద్దయ్య చుట్ట అంటించాడు. ఆ కర్పూరంతోనే అంటించాడని గిట్టనివాళ్లు అంటారు.

ఆసుపత్రి కాంపౌండరు మాత్రం ఒక మాట అన్నాడు. "మానలేకపోతే కారం తక్కువ పొగాకైనా తాగమను." సుంకమ్మ ఆ మాట పట్టుకుంది.

కొత్త నూలును మగ్గానికి ఎక్కించే ముందు సాలెవాళ్లు నీళ్లలో నానేసి, తొక్కి, జిడ్డు పోగొడతారు. నూలుకు పనికొచ్చింది ఆకుకు ఎందుకు పనికిరాదు అనుకుంది. పత్తికొండ నుంచి ఇమాం వలి తెచ్చి అమ్మే ఆకును పెరట్లో తొట్టిలో వేసి, రెండు రోజులు నాననిచ్చి పిండింది. నీళ్లు కాచు రంగుకు తిరిగాయి. పిండుతూండగానే ఆమెకు తల తిరిగింది, కడుపులో తిప్పింది. గోడ పట్టుకుని కూర్చుని సంతోషపడింది. ఇంత విషం నీళ్లలోకి వచ్చిందంటే ఆయన రొమ్ములోకి అంత పోనట్టే గదా! ఆకును నీడన ఆరబెట్టి, ఎప్పటిలాగే తనే చుట్టలు చుట్టింది.

మద్దయ్య మొదటి చుట్టను తిప్పి తిప్పి చూశాడు.

"ఏమే, ఇమాం వలి ఈ తూరి బోద గడ్డి అమ్మినాడా? మంట ఉండాది, పొగ ఉండాది, పొగాకు యాడ పోయిందో!"

"నీ నాలికే మొద్దుబారింటాది లే," అంది సుంకమ్మ, రాట్నం ఆపకుండా.

పోగును అటూ ఇటూ నడిపే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది ఆమే గనుక అతని చుట్టల లెక్క ఆమెకు కంఠతా వచ్చు. పెళ్లయిననాటి నుంచీ పది కండెలు నేస్తే ఒక చుట్ట. ఆ వారం ఏడు కండెలకే చెయ్యి ఆగింది. తరువాత ఐదుకు. పక్షం తిరిగేసరికి నాలుగుకు. గంపలో కండెలు మిగిలిపోతున్నాయి, చుట్టలు చాలడం లేదు. తాగే తీరు కూడా మారింది. పూర్వం చుట్ట నోట్లో పెట్టుకుని కబుర్లు చెబుతూ సగం పొగ గాలికే వదిలేసేవాడు. ఇప్పుడు మాట లేదు. దవడలు లోపలికి పోయేలా పీల్చి, పొగను రొమ్ములో బిగబట్టి, పెదవి కాలేదాకా వదలడం లేదు. వెంటనే దగ్గు. గీతలు బెత్తెడుకొకటి పడుతున్నాయి.

సుంకమ్మకు అన్నం సహించలేదు. కారం ఇంకా మిగిలిందేమోనని ఈసారి మూడు నీళ్లు మార్చి కడిగింది. అతను రోజుకు పద్దెనిమిది తాగాడు. ఒక పొద్దున గుంటలోంచి లేవబోయి, ఊపిరందక, సగంలోనే ఆమె భుజం పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఇమాం వలి వచ్చాడు.

"ఏమన్నా, నా సరుకు గడ్డి అని వీధంతా చాటిస్తాండావంట?"

"గడ్డే నయమప్పా. ఎద్దన్నా మేస్తాది."

ఇమాం వలి చుట్టలోంచి ఆకు తుంచి వాసన చూశాడు, నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఆకు నాదే. పీనుగకు చేయించినట్టు దీనికి గుసుల్ స్నానం చేయించినారు. ఎవురో శానా శుద్ధంగా కడిగినారు."

రాట్నం ఆగింది. సుంకమ్మ తల ఎత్తలేదు.

"నేనే. నూలు నానేసినట్టు నానేసినా. కారం పోతే దగ్గు తగ్గుతాదని."

"నా చుట్టను ఉతికినావా?" మద్దయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, ఎంతకీ ఆగలేదు. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

"అక్కా," అన్నాడు ఇమాం వలి నెమ్మదిగా, "ఆయనకు కావాల్సింది ఆ కారమే. ఒక చుట్టలో దొరకందాన్ని నాలుగు చుట్టల్లో ఎతుక్కుంటాండాడు. కారం నువ్వు పెరట్లో పారబోస్తివి, పొగంతా ఆయన మింగె."

"అయితే నేనే సంపుతాండానా?"

మద్దయ్య కళ్లు తుడుచుకున్నాడు. "సంపేదానివైతే ఇంత కష్టపడి కడుగుతావా ఏందే?"

ఆమె లేచి, కడిగిన ఆకంతా పొయ్యి పక్కన పడేసి వచ్చింది. "కారం ఆకే చుట్టిస్తా. కానీ చుట్టలు నా కాడ ఉంటాయి. నేనిచ్చినప్పుడే."

"ఇదేందప్పా, పెండ్లాం పెత్తనం!"

"ఒప్పుకో అన్నా," అన్నాడు ఇమాం వలి. "నాకు గిరాకీ తగ్గినా పర్వాలేదు. సచ్చినోడు యాడ కొంటాడు?"

కారం ఆకు మొదటి చుట్టను మద్దయ్య నాలుగు దమ్ములు పీల్చి ఆర్పి, మిగతాది గూట్లో పెట్టాడు. మళ్లీ పది కండెలదాకా అడగలేదు. విషం తిరిగి ఇంట్లోకి వచ్చినందుకు తన ప్రాణం కుదుటపడటం చూసుకుని సుంకమ్మకే సిగ్గేసింది. వారానికొక కండె చొప్పున గడువు పెంచింది. పదకొండుకు గొణిగాడు. పన్నెండుకు పలక విసిరికొట్టాడు. పదమూడుకు ఒక పూట అన్నం తినలేదు. గీతలు మళ్లీ జానెడు దూరానికి జరిగాయి, అక్కడినుంచి కదలడం లేదు. చుట్టకు ఇరవై కండెలు చేయాలని ఆమె ఆశ; అందాకా ఆ రొమ్ము ఆగుతుందో లేదో ఆమెకు చెప్పేవాళ్లు లేరు.

"పద్నాలుగు అయినాయి. చుట్ట తే."

ఆమె గంపలో చెయ్యి పెట్టి పదిహేనో కండె అందించింది. మద్దయ్య ఆమె ముఖం చూసి, తిట్టబోయి, కండెను నాడెలో పెట్టుకున్నాడు.