పెదమావకు నేను చదవకుండా దాటేసిన పేరు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. నేను ఆరో తరగతి వరకే చదివాను. తెలుగు మా ఎస్టేట్‌లో ఆదివారం క్లాసులో నేర్చుకున్నది. ఫోన్ కాబట్టి నా చేతిరాత మీకు కనపడదు, అదొక్కటే నయం.

నిన్న మధ్యాహ్నం పెదమావ పోయారు.

క్లాంగ్ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి గంజి డబ్బాలో పోస్తున్నాను. మా ఆయన అక్కడి నుంచి ఫోన్ చేసి, "ఇంక గంజి వద్దు" అన్నారు. నాకు అర్థం కాలేదు. మూత పెట్టి, క్లాంగ్ బస్సుకు టైమైందని చెప్పులు కూడా వేసుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పెదమావ మా మావగారి అన్నయ్య. ఇక్కడ మలేసియాలోనే, బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో పుట్టి, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పనిలోకి వెళ్లారు. పెళ్లి చేసుకోలేదు. బంటింగ్‌లో మాతోనే ఉండేవారు.

ఆయన పని ఏమిటో నాకు ఇలా చెప్పారు. మనం ఫోన్‌లో ఒక సైట్ పేరు కొడతాం. ఆ పేరున్న మెషీన్ అడ్రస్ ఏమిటని ఫోన్ ఒక చిన్న మెసేజ్ పంపుతుంది. అడ్రస్‌తో జవాబు వస్తుంది. ఆ ప్రశ్నని, ఆ జవాబుని కట్టే ఫంక్షన్లు, విప్పే ఫంక్షన్లు, అంటే ప్రోగ్రాములో ముక్కలు, పెదమావ రాసేవారు.

షుగర్ వల్ల చూపు తగ్గిపోయింది. కంప్యూటర్ గొంతు చదివి వినిపిస్తే ఆయనకి నచ్చేది కాదు.

"నువ్వు సదువు పిల్లా. అంకెలు వచ్చు గదా, సాలు."

రోజూ అన్నాలయ్యాక ఒక గంట చదివేదాన్ని. స్క్రీన్ మీద ఆ మెసేజ్‌లు, ఎడమ పక్క అంకెల్లో, కుడి పక్క అవే ఇంగ్లీషు అక్షరాల్లో. ఎన్ని అక్షరాల పేరో ముందు ఒక అంకె ఉంటుంది, ఆ పేరు వచ్చిన చోట మాత్రం అక్షరాలు చదవమన్నారు.

టెస్ట్ మెషీన్లకు మా ఇంట్లోవాళ్ల పేర్లే పెట్టుకున్నారు. వాళ్లమ్మ పేరు, మా మావగారి పేరు, నా పేరు చదివాను.

నాలుగోది మా ఆయన పేరు.

మా ఇంట్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. మా అమ్మ ఇప్పటికీ "మీ నాన్న" అనే అంటుంది. ఆ పేరు దాటేసి తర్వాతది చదివాను.

"ముందు ఐదు అన్నావు. ఐదక్షరాల పేరుండాలి. ఏటి, నేదా?"

"నేదు పెదమావా" అన్నాను.

జవాబు కట్టే ఫంక్షన్ పేరును మింగేస్తోందని ఆయన అనుకున్నారు. రెండు రోజులు అంతా విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి ఇంకా తప్పుందని చెప్పారు. సోమవారానికి అవకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని వాళ్లన్నారు. వంటింట్లోంచి అంతా విన్నాను. ఫోన్ పెట్టేశాక పెదమావ కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నారు.

టీ పట్టుకెళ్లి నిలబడ్డాను.

"పెదమావా, పేరుంది. నేనే సదవలేదు."

"ఎందుకే?"

"అది... మీ అబ్బాయి పేరు."

"నా బుర్ర పోయిందనుకున్నాను గదే పిల్లా, రెండు రోజులు."

తిట్టలేదు. అది విన్నాకే నాకు ఏడుపొచ్చింది.

"తప్పు నాదేలే. కోడలు సదువుతాదని తెలిసి ఆడి పేరు పెట్టినాను. సరే, అక్షరాలొద్దు. ఎడమ పక్క అంకెలు సెప్పు. అంకెలు నీ మొగుడు కాదు గదా."

చెప్పాను. ఏడు రెండు. ఆరు ఒకటి. ఆరు ఏడు. ఆరు ఎనిమిది. ఏడు ఐదు.

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "ఆడే. వచ్చినాడు."

సాయంత్రం మా ఆయన పని నుంచి రాగానే, "ఒరే, నీ పెళ్లాం ఈవేళ నిన్ను పేరెట్టి పిలిచినాది" అన్నారు. నేను లోపలికి పరిగెత్తాను.

సోమవారం పని అప్పజెప్పారు. ఆఫీసువాళ్లు ఇంకో పని ఇచ్చారు.

నాకు మాత్రం ఒక మాట చెప్పారు. "సదవలేకపోతే సదవలేనని సెప్పు. ఊరుకుని దాటెయ్యకు. నేను ఎక్కడెక్కడో ఎతుక్కుంటాను."

పోయిన వారం ఆసుపత్రిలో, అందరూ కిందికి వెళ్లినప్పుడు, పెదమావ డాక్టర్ ఇచ్చిన కాగితం నా చేతిలో పెట్టి చదవమన్నారు. మలాయ్‌లో ఉంది. ఆయనకు చెప్పవద్దని ఇంట్లో అందరూ అనుకున్న సంగతి నాకు తెలుసు.

మొత్తం చదివాను. కిడ్నీల సంగతి, ఇంక మందు లేదన్న సంగతి కూడా. ఒక చోట ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. మిగిలింది కూడా చదివాను.

"సరి" అన్నారు. తమ్ముడిని పిలిపించుకుని ఆ సాయంత్రమంతా తమిళంలో, తెలుగులో చిన్నప్పటి మాటలు మాట్లాడుకున్నారు.

ఎందుకు చెప్పావని కొందరికి నా మీద కోపంగా ఉంది. ఎదురుగా నిలబడి చెప్పడం నాకు రాదు. అందుకే మన చుట్టాల గ్రూపులో రాశాను. ఆయన అడిగారు, నేను చదివాను. ఇది మనవాళ్ల వరకే. చదివాక తీసేయండి, ఇంకెవరికీ పంపకండి.

పెదమావా, వెళ్లిరండి. ఇంక మీకు ఎతుక్కునే పని లేదు. హాయిగా పడుకోండి.