కురుమయ్య మెడ వైద్యం

తహసీల్దారు ఎదుట తుమ్ము ఆపుకోబోతే, గుమస్తా నరసింగరావు మెడ ఎడమకు తిరిగి అలాగే ఉండిపోయింది. దొరగారు మాట్లాడుతున్నంతసేపూ అతను గోడనే చూశాడు. రేపు కూడా గోడనే చూస్తే కొలువు ఊడుతుందని చెప్పి పంపారు. అందుకే గద్వాలలో మెడలు సరిచేసే మంగలి కురుమయ్య ఇంటి అరుగు ఎక్కాడు నరసింగరావు.

మెడ ఎటు తిరిగి ఉంటే అటే కూర్చోవడం కురుమయ్య అలవాటు. ముఖానికి ముఖం ఆనేంత దగ్గరగా చతికిలబడ్డాడు. గోళ్ల కింద నల్లటి జిడ్డు, మీసం చివర తంబాకు రసం. పక్కన ముక్కిపోయిన ఆముదం ముంతలో ఎవరెవరి వెంట్రుకలో తేలుతున్నాయి. అందులో వేళ్లు ముంచి, చెవి వెనక ఎముక నుంచి గొంతు కింది గుంట దాకా మోకులా బిగిసిన కుడివైపు కండను పిసికాడు.

"గీ కండ గుంజితేనే తలకాయ ఎడమదిక్కు తిరుగుతది, పంతులూ," అంటూ నోరు బార్లా తెరిచి తేన్చాడు. నిన్నటి కల్లు, పొద్దుటి ఉల్లిగడ్డ ఒక్కసారే బయటికొచ్చాయి. ముంత కూడా ముక్కు కిందికి వచ్చేసరికి నరసింగరావు "ఛీ!" అని ముఖం కుడికి తిప్పేశాడు. మెడ కటుక్కుమంది.

"ఏం కంపురా నీది! మనిషన్నోడు గిట్లుంటడా?"

కురుమయ్య తొడకు చేతులు తుడుచుకున్నాడు.

"గీ కంపు లేకుంటే మీరు మొకం గటు తిప్పుతుంటిరా, పంతులూ?"