రబ్బరు లేని గాడి

ఆటల ఫోటోలు తీసే అమ్మాయి తువ్వాల్లో చుట్టిన లెన్సు తెచ్చి బల్ల మీద పెట్టి, ముందే చేతులు జోడించేసింది.

"ఆంటీ, తిట్టాలనుకుంటే తిట్టండి. కానీ నేను దీన్ని నీళ్ళలో ముంచలేదు."

అద్దాలక్క దగ్గరికి వచ్చేవాళ్ళంతా తిట్లకి సిద్ధపడే వస్తారు. ఆవిడకి యాభై దగ్గర పడుతున్నాయి. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో ఇరవై ఆరేళ్ళుగా కెమెరా లెన్సులు బాగుచేస్తోంది. ఆ పని నేర్పింది మామగారు. కన్నకొడుకు స్క్రూ తిప్పితే తల అరిగిపోయేది. "వాడికి బస్సు స్టీరింగే సరి. నువ్వు కూర్చోమ్మా" అని కోడల్ని పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టాడాయన. మొదటి ఏడాదంతా విప్పడం, విప్పిన వరసలోనే మళ్ళీ బిగించడం, అంతే. ఒక స్క్రూ మిగిలిందంటే ఆ రోజు మాటలుండేవి కావు. ఆయన పోయాక ఆ బల్లతో పాటు ఆ కోపం కూడా కోడలికే వచ్చింది.

"వానలో తీశావా?" అంది అద్దాలక్క.

"తుంపర ఆంటీ. ఫుట్‌బాల్ మ్యాచ్ సెకండ్ హాఫ్‌లో పది నిమిషాలు పడిందేమో. ఇది వానకి ఆగే లెన్సని కదా కొన్నాను! కంపెనీ సర్వీసు వాళ్ళేమో విప్పకుండా పైపైన చూసి, నేనే తడిపేశానని రాసిచ్చారు. వారంటీ రాదట."

అద్దాలక్క పళ్ళు నూరింది. ఈ వానాకాలంలో ఇదే రకం లెన్సు ఆవిడ బల్ల మీదికి రావడం ఇది మూడోసారి. మొదటిది ఒక రిటైర్డ్ మాస్టారిది, పక్షుల ఫోటోలు తీసుకుంటారు. లోపల ఉండాల్సిన రబ్బరు రింగులు లేకపోవడం చూసి, "ఎవరిచేతో విప్పించి, రబ్బర్లు పోగొట్టి, ఇప్పుడు నా దగ్గర కబుర్లు చెప్తున్నారా?" అని ఆయన్ని నలుగురిలో కడిగేసింది. ఎవరూ విప్పలేదమ్మా అని ఆయన ఎంత చెప్పినా వినలేదు. రెండో మనిషికీ అదే మర్యాద జరిగింది.

ఈసారి విప్పే ముందు భూతద్దం పెట్టి చూసింది. వెనక స్క్రూల తలల మీద ఫ్యాక్టరీలో వేసే ఎర్ర లక్క చుక్కలు చెక్కు చెదరలేదు. అంటే తయారైన రోజు నుంచి దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ చుక్కలు పగలగొట్టి, పలక తీసి, జూమ్ పట్టీ ఊడదీసింది. పట్టీ కింద చుట్టూ ఒక గాడి ఉంది. రబ్బరు రింగు కూర్చోవడానికే చెక్కిన గాడి. అందులో రింగు లేదు. స్విచ్చుల కింద కూడా గాడి ఉంది, రబ్బరు లేదు. ఆ దారినే నీళ్ళు దిగి సర్క్యూటు మీద పచ్చగా తుప్పు కట్టింది. కెమెరాకి తగిలించే చోట మాత్రం, కొనేవాడి కంటికి కనిపించే ఆ ఒక్కచోట మాత్రం, నల్లటి రబ్బరు ఒకటి శుభ్రంగా మెరుస్తోంది.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మొదటి రెండు లెన్సుల మీద ఈ ఎర్ర చుక్కలు తను చూసిందా? చూడలేదు. చూడకుండానే పెద్దాయన్ని అబద్ధాలకోరన్నది. ఆ మంట కంపెనీ మీద ఎంతో, తన మీదా అంతే.

"ఇది వానకి ఆగుతుందని నీకెవరు చెప్పారమ్మాయ్?"

ఆ అమ్మాయి ఫోను తీసి వీడియో పెట్టింది. తెరమీద ఒకాయన నవ్వుతూ లెన్సు మీద స్ప్రే సీసాతో నీళ్ళు కొడుతున్నాడు. "లోపల పదకొండు చోట్ల రబ్బరు రింగులున్నాయి. వాన అయినా, దుమ్ము అయినా దీనికి లెక్కలేదు ఫ్రెండ్స్! కళ్ళు మూసుకుని కొనేయండి!"

అద్దాలక్క ఫోను లాక్కుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. అది సాక్షాత్తూ ఆవిడ తోడబుట్టిన తమ్ముడు.

వాడు వీడియోలు చేస్తాడని ఆవిడకి తెలుసు. ఎప్పుడూ చూడలేదు. వాడికి మొదటిసారి కెమెరా పట్టుకోవడం నేర్పింది తనే.

"ఈ లెన్సు ఇవాళ నా దగ్గర ఉండనీ" అని చెప్పి, విప్పిన భాగాలు డబ్బాలో సర్దుకుని, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని, మధ్యాహ్నమే షాపు మూసేసింది.

తమ్ముడి ఫ్లాటులో ముందు గదంతా లైట్లూ తెల్లగొడుగులూ. అల్మారా నిండా కంపెనీలు పంపిన లెన్సులు. మరదలు కుర్చీ జరిపి, "కూర్చోండి వదినా, టీ పెడతాను" అంది.

"టీ తర్వాత. ఒరేయ్, ఆ వానకి ఆగే లెన్సు నీ దగ్గరుందా?"

"ఉందక్కా. రివ్యూ అయ్యాక ఉంచేసుకోమన్నారు. ఏం, కావాలా?"

"దాన్ని విప్పి చూశావా?"

"నేనెందుకు విప్పుతానక్కా? రివ్యూ చేసేవాళ్ళెవరూ విప్పరు."

"మరి రబ్బర్లు పదకొండు చోట్ల ఉన్నాయని ఎలా చెప్పావు?"

"వాళ్ళు పంపిన కాగితంలో ఉంది."

"కాగితంలో ఉంటే చదివేస్తావా?"

వాడు అల్మారాలోంచి ఆ లెన్సు తీశాడు. అద్దాలక్క వాడి లెన్సు లాక్కుని, వాడు షూటింగు చేసుకునే బల్ల మీదే, ఆ పెద్ద లైట్ల కిందే విప్పడం మొదలుపెట్టింది. "అక్కా, పాడైపోతుంది" అని వాడు, "చెయ్యి తియ్" అని ఆవిడ. పావుగంటలో జూమ్ పట్టీ ఊడి వచ్చింది. గాడిలో రబ్బరు రింగు నిండుగా కూర్చుని ఉంది, పైన గ్రీజు కూడా రాసి. స్విచ్చుల కిందా రబ్బరుంది.

డబ్బా మూత తీసి ఆ అమ్మాయి లెన్సు పక్కన పెట్టింది. అదే కంపెనీ, అదే రకం, అదే గాడి. రబ్బరు లేదు.

మరదలు టీ కప్పులతో వచ్చి అలాగే నిలబడిపోయింది.

"ఇదొక్కటీ పొరపాటున..." అన్నాడు తమ్ముడు.

"మూడు వచ్చాయిరా నా దగ్గరికి! మూడూ పొరపాట్లేనా? నీకు పంపిందానికి మాత్రం పొరపాటు జరగలేదేం?"

"నేను అబద్ధం చెప్పలేదక్కా. నీళ్ళు కొట్టాను, ఆగింది. చూసిందే చెప్పాను."

"చూడనిది కూడా చెప్పావు. కళ్ళు మూసుకుని కొనేయండన్నావు! ఆ పిల్ల అలాగే కొంది. ఆ పిల్ల పని పోతే నీ స్ప్రే సీసా వస్తుందా అడ్డం?"

"ఇది బయటపెడితే రేపట్నుంచి ఎవరూ నాకు ఏదీ పంపరు. నీకు తెలీదు ఈ లైను..."

"ఓహో! అయితే వాళ్ళు పంపడం కోసం చెప్తున్నావన్నమాట, చూసేవాళ్ళ కోసం కాదు."

వాడి ముఖం మాడిపోయింది. మరదలు మెల్లగా, "ఆవిడ అన్నదాంట్లో తప్పేముందండీ?" అంది. ఎవరూ టీ తాగలేదు.

మర్నాడు వాడు ఆ పాత వీడియో చడీచప్పుడూ లేకుండా తీసేశాడు. ఆ సంగతి ఫోనులో గొప్పగా చెప్పబోయేసరికి అద్దాలక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "తీసేస్తే అయిపోయిందా? చూసి కొన్నవాళ్ళ లెన్సుల్లోకి రబ్బర్లు ఎగిరొచ్చి కూర్చుంటాయా? కంపెనీవాడు చేసిందే నువ్వూ చేశావు. కనిపించేచోట తుడిచావు!"

నాలుగు రోజులు అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ, రెండో మనిషి ఆచూకీ దొరక్కపోయినా, మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. "నాదే తప్పండీ. చూడకుండా అనేశాను" అంది గుమ్మంలోనే నిలబడి. ఆయన లోపలికి రమ్మనలేదు. "అందరిముందూ అన్నావుగా, అందరిముందూ చెప్పు" అన్నాడు. న్యాయమే అనిపించింది. మర్నాడు ఆయన తన లెన్సు పట్టుకుని షాపుకి వచ్చాడు. ఉన్న ముగ్గురు ఖాతాదారుల ముందూ చెప్పింది. చెప్తుంటే చెవులు ఎర్రబడ్డాయి.

ఐదో రోజు తమ్ముడు కెమెరా, స్టాండూ మోసుకుని షాపుకొచ్చాడు. వాడి ముఖం పీక్కుపోయి ఉంది. కంపెనీకి రాశాడట. "వానకి ఆగడమంటే తడవొచ్చని అర్థం కాదు, కవరు వాడుకోవలెను" అని జవాబొచ్చిందట. గాడుల ఊసే లేదట.

"విప్పక్కా. నేను తీస్తాను" అన్నాడు.

ఆవిడ మాస్టారి లెన్సు, ఆ అమ్మాయి లెన్సు, వాడి లెన్సు వరసగా పెట్టి విప్పింది. ఏ గాడిలో ఏముందో, ఏది లేదో వేలు పెట్టి చూపించింది. మధ్యలో కోపం ఆగక కంపెనీని నాలుగు మాటలంది. తమ్ముడు అవి కత్తిరించలేదు. చివర్లో కెమెరా తనవైపు తిప్పుకుని, "నేను విప్పకుండా చెప్పాను. నన్ను నమ్మి కొన్నవాళ్ళకి నేను తప్పు చేశాను" అన్నాడు. అద్దాలక్క జాలిపడలేదు. "సరే, స్టాండు తియ్, పనుంది" అంది.

ఆ వీడియో చూసి చాలామంది కంపెనీ మీద పడ్డారు. కంపెనీ క్షమాపణ అన్న మాట ఎక్కడా వాడకుండా, లెన్సు పంపినవాళ్ళకి రబ్బర్లు ఉచితంగా వేస్తామని ప్రకటించింది. కానీ అప్పటికే చచ్చిన లెన్సులకి ఆ సదుపాయం వర్తించదట! ఆ అమ్మాయి లెన్సుకి వేరే పాడైన లెన్సులోంచి సర్క్యూటు తీసి వేసి, పల్చటి రబ్బరు షీటు కత్తిరించి రెండు రింగులూ అద్దాలక్కే చేసింది. మాస్టారిది మాత్రం బతకలేదు. తుప్పు మోటారుదాకా పాకింది.

తమ్ముడికి కంపెనీల డబ్బాలు రావడం ఆగిపోయింది. ఇప్పుడు కొన్నవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుంటాడు. చూసేవాళ్ళు సగానికి తగ్గారు. ఇక అద్దాలక్కకి విడిభాగాలు అమ్మే ఏజెన్సీ ఆయన ఫోను చేసి, "పైనుంచి మాటొచ్చిందమ్మా, ఇకమీదట ఆ కంపెనీ సామాను మీకివ్వలేం" అన్నాడు.

"పైనుంచి అంటే ఎవరు? పేరు చెప్పండి."

"నా చేతుల్లో ఏముందమ్మా..."

ఆవిడ ఫోను పెట్టేసి, సొరుగు లాగి ఆ కంపెనీ సామాను ఎంత మిగిలిందో లెక్కపెట్టుకుంది.

మొన్న బస్సుకోసం నిలబడి ఉంటే ఎదురుగా కెమెరా షాపు కనిపించింది. అద్దాల వెనక అదే లెన్సు, కొత్త డబ్బాలు దొంతరగా పేర్చి ఉన్నాయి. డబ్బా మీద వాన చినుకులూ గొడుగూ బొమ్మ. ఆవిడ రోడ్డు దాటి లోపలికి వెళ్ళింది.

"వీటిలో రబ్బర్లున్నాయా?"

"ఉండే ఉంటాయి మేడమ్. డబ్బా మీద ఉందిగా" అన్నాడు షాపాయన.

"విప్పి చూపిస్తాను, ఒకటివ్వండి."

"భలేవారే! సీలు తీస్తే ఎవరు కొంటారు? మేం అమ్మేవాళ్ళం మేడమ్, మాకేం తెలుస్తుంది?"

"తెలీకపోతే వాన బొమ్మ కనిపించేలా ఎందుకు పెట్టారు?" అని గట్టిగా అరిచింది. షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. కొనడానికి వచ్చిన ఒక జంట చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్ళీ తీసుకున్నారు.

ఆవిడ బయటికొచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఇంటిదాకా నడిచింది, దారిపొడుగునా షాపాయనకి చెప్పాల్సి మర్చిపోయిన మాటలు పైకే అనుకుంటూ.