బాగున్న చేతికి కట్టు

నా చిన్నప్పుడు వరి ఊడ్పుల కాలం వచ్చిందంటే మా వీధిలో పెద్దవాళ్ళందరి కళ్ళూ ఆడపిల్లల వేళ్ళ మీదే ఉండేవి. వేళ్ళు చురుగ్గా ఆడే పిల్ల ఒక్కతి ఉంటే చాలు, ఆ ముఠా వరస ముందుగా గట్టుకు చేరుతుంది, రైతులు మళ్ళీ ఆ ముఠానే పిలుస్తారు. నా వేళ్ళు అలాంటివి. నారు కట్ట చేతికిస్తే పెద్దవాళ్ళకంటే ముందు గట్టెక్కి కూర్చునేదాన్ని. బడి మొహం చూడలేదు. ఆ వేళ్ళతో అక్షరాలు కూడా దిద్దవచ్చని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఒక ఏడు రెండు ముఠాలు నన్ను అడిగాయి. ఒక ముఠాను నడిపేది ఎదురింటి అత్త. కనిపించినప్పుడల్లా "నా బంగారమే, నాకు కూతురుంటే అచ్చం నీలాగే ఉండేదే" అంటూ నా బుగ్గలు పుణికేది. ఒకరోజు తనే దువ్వి, జడ వేసి, దానికి ఎర్ర రిబ్బను కట్టింది. రెండో ముఠాది ముసలి మేస్త్రి. ఆయన ఒక సాయంత్రం చేలో నా పని చూసి, "నారు మరీ లోతుగా గుచ్చుతున్నావే, పిలక ఎలా లేస్తుంది?" అని కసిరి వెళ్ళిపోయాడు.

నేను అత్త ముఠాకే వెళ్తానని ఇంట్లో గెంతులు వేశాను. మా మామ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి, నా గెంతులు చూస్తూనే బియ్యం ఏరుకుంది. మర్నాడు పొద్దున్నే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఏ దెబ్బా లేని నా కుడిచేతికి పసుపు మెత్తి, పాత చీర పీలిక చుట్టింది.

"కత్తిపీట మీద పడ్డానని చెప్పు. నిజం కక్కావో, నిజంగానే కోస్తాను" అంది.

అత్త వచ్చింది. కట్టు చూసింది. ఎలా తెగిందని అడగలేదు. నా వెనక్కి వచ్చి, బుగ్గలు పుణికిన ఆ వేళ్ళతోనే నా జడకున్న రిబ్బను విప్పుకుని, పక్కింటి గుమ్మంలోకి నడిచింది. కాసేపటికి ఆ ఇంటి పిల్ల ఎర్ర రిబ్బనుతో బయటికి వచ్చింది. నా కళ్ళముందే వాళ్ళిద్దరూ చేలోకి వెళ్ళిపోయారు.

తరువాత మేస్త్రి వచ్చాడు. "కళ్ళు నెత్తిన పెట్టుకున్నావా?" అని తిట్టాడు. "ఈ చేత్తో నువ్వు నాకు దండగ. మానాక రా. అప్పుడూ లోతుగా గుచ్చితే గట్టు మీంచే పంపేస్తా."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మామ్మ ఓదార్చలేదు. కట్టు విప్పుతూ, "ఇద్దరికీ కావలసింది నీ వేళ్ళే, నువ్వు కాదు. ఆ సంగతి ముసలాడు మొహం మీదే చెప్పాడు. వాడి ముఠాకి పో" అంది.

"నీకూ అంతేనా మామ్మా?" అని అడిగాను.

ఆమె పీలిక మడిచి, పొయ్యి మీద అన్నం చూడటానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఎన్నో ఏళ్ళ తరువాత, కరోనా కాలంలో, ఆ రోజు మళ్ళీ నా ముందుకొచ్చి నిలబడింది. మా అమ్మాయి ఐర్లండ్‌లో డాక్టరు. చుట్టపుచూపుగా లెటర్‌కెన్నీలో వాళ్ళింటికి వెళ్ళినదాన్ని, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుబడ్డాను. కాస్త దూరం వెళ్తే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడిగే రోజులు. అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చి, గుమ్మంలోనే బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే మాతో మాట్లాడేది. మనవరాలికి బడిలో ఆఖరి ఏడు. తలుపు చట్రానికి తల తగిలేంత పొడుగు, ప్రాణమంతా బాస్కెట్‌బాల్. ఆట కోసమే రెండు కాలేజీలు దాన్ని రమ్మంటున్నాయి. కోచ్‌లు ఎవరూ ఇంటికి వచ్చే వీలు లేదు కాబట్టి అంతా కంప్యూటర్ తెర మీదే.

ఒక కోచ్ డబ్లిన్ కాలేజీవాడు. రోజూ పొద్దున్నే "ఎలా ఉన్నావు స్టార్?" అని మెసేజ్ పెట్టేవాడు. తెరలో నన్ను చూసి నమస్తే పెట్టేవాడు. మనవరాలి పేరు అచ్చు వేయించిన జెర్సీ పోస్టులో పంపితే, అది వేసుకునే పడుకుంది పిచ్చిది. రెండో కోచ్ ఒకావిడ, దక్షిణాన ఎక్కడో చిన్న ఊరి కాలేజీ. ఆవిడ మాట్లాడినంతసేపూ పిల్ల మొహం మాడిపోయేది. ఏమంటోందని అడిగితే, "నా లెఫ్ట్ సైడ్ స్లో అంట" అని విసుక్కునేది.

కోర్టులన్నీ మూసేశారు. పిల్ల ఇంటి ముందు, కారు నిలిపే చోట గోడకు రింగు బిగించుకుని వానలో ఆడేది. ఒక మధ్యాహ్నం ఎగిరి దిగడంలో కాలు జారింది. మోకాలు ఉబ్బిపోయింది. అమ్మాయి నొక్కి చూసి, లోపల నరంలాంటిది తెగిందని చెప్పింది. ఆపరేషన్ కావాలి, కానీ ఆసుపత్రులు కరోనా రోగులతో నిండి ఉన్నాయి, ఎప్పటికవుతుందో తెలియదు.

ఆ వారంలోనే రెండు కాలేజీలతోనూ ఆఖరి మాటలు. పిల్ల ఎవరి దగ్గరికి వస్తానంటే వాళ్ళ స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం పెట్టాలి.

"వాళ్ళకు కనపడేది నడుం పైదాకానే కదా" అంది మా అమ్మాయి, ప్రెస్ అని వాళ్ళనే కప్పుల అలమర తలుపు పట్టుకుని, మా వైపు చూడకుండా. "ముందు సంతకం అవనీ. తరువాత చూద్దాం."

"ఐ వాంట్ డబ్లిన్. హీ లవ్స్ మీ, అమ్మమ్మా" అంది పిల్ల.

నేను వద్దనలేదు. కాలు స్టూలు మీద పెట్టించి, ఐసు మూట మోకాలికి అదుముతూ, రిబ్బను కథ చెప్పాను. చివర్లో, "మరి మీ గ్రానీ ఆన్సర్ చెప్పలేదా?" అని అడిగింది. లేదన్నాను.

"జీజ్, దట్స్ బ్రూటల్" అంది.

మర్నాడు డబ్లిన్ కోచ్ తెర మీదికి వచ్చాడు. నవ్వాడు, నాకు నమస్తే పెట్టాడు. పిల్ల ఏమీ చెప్పకుండా లాప్‌టాప్ రెండు చేతులా ఎత్తి, కిందికి దించి, నల్లటి పట్టీ వేసిన మోకాలు చూపించింది. మళ్ళీ పైకెత్తేసరికి ఆయన నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, కళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి. అయ్యో పాపం అన్నాడు. నెట్ బాగాలేదు, నీ మాట తెగిపోతోంది, మళ్ళీ చేస్తానన్నాడు. తెర తేటగా ఉంది. ఆయన వెనక గోడ గడియారంలో సన్నముల్లు కదలడం నాకు కనపడుతూనే ఉంది. ఆయన మళ్ళీ చేయలేదు. మర్నాటి నుంచి పొద్దుటి మెసేజ్ కూడా రాలేదు. ఫోను చూసుకుని, పెట్టేసి, మళ్ళీ చూసుకుంటున్న పిల్లను నేను చూడలేకపోయాను.

రెండో ఆవిడకూ అలాగే చూపించింది. ఆవిడ అయ్యో అనలేదు. ఏ నరం, ఎవరు చూశారు, ఆపరేషన్ ఎప్పుడని అడిగింది. ఆ తరువాత చెప్పినదంతా అమ్మాయి నా చెవిలో తెలుగు చేసింది. "స్కాలర్‌షిప్ నీకు ఇవ్వలేను. అది ఆడగలిగే పిల్లకు వెళ్తుంది. నీ మార్కులతో సీటు తెచ్చుకుంటే రా, ఆటలప్పుడు గడియారం చూసుకునే పని ఇస్తాను. మోకాలు బాగుపడితే అందరితో పాటు ట్రయల్‌కు నిలబడు. అప్పుడూ ఎడమ వైపు ఇంతే నెమ్మదిగా ఉంటే తీసుకోను."

పిల్ల రెండు రోజులు దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. మూడో రోజు లేచి, ఆ చిన్న ఊరి కాలేజీకే వెళ్తానంది. జెర్సీ తెచ్చి నా ఒళ్ళో పడేసి, "కిటికీలు తుడుచుకో అమ్మమ్మా" అంది.

కథ అక్కడితో మంచిగా ముగిసిందని చెప్పాలని నాకూ ఉంది. ఆపరేషన్ ఆలస్యమైంది. మరుసటి ఏడాది పిల్ల ట్రయల్‌కు నిలబడితే ఆవిడ తీసుకోలేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి, ఎదురుగా నిలబడి, ఎందుకు తీసుకోలేదో చెప్పిందట. ఆ సాయంత్రం ఫోనులో ఏడుస్తుందేమోనని నేను గుండె చిక్కబట్టుకుంటే, "చెప్పింది కదా ముందే. ఐమ్ గ్రాండ్, నాకేం కాలేదు" అంది. ఇప్పటికీ ఆ కాలేజీలోనే చదువుతోంది, ఆట ఉన్న రోజున గడియారం దగ్గర కూర్చుంటోంది.

ఇంట్లో బందీలుగా ఉన్న ఆ రోజుల్లోనే మా అమ్మాయి నాతో అక్షరాలు దిద్దించింది. మొదటిసారి నా పేరు నేనే రాసి చూపిస్తే, "ఎంత ముద్దుగా రాశావే అమ్మా!" అని మురిసిపోయింది. అది నా కడుపున పుట్టిన పిల్ల. నా వేళ్ళతో దానికేం పని? అయినా ఆ మెప్పు చెవిన పడగానే నా కుడిచెయ్యి పెన్ను వదిలేసి, తనంతట తానే కొంగు కిందికి వెళ్ళి దాక్కుంది. ఇప్పటికీ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ఆ చేతికి అదే అలవాటు.