అత్తమ్మ పొద్దు చూసిన సాయంత్రం

మొన్న ఆదివారం మనవరాలు నన్ను మా నల్లగొండ గుట్ట పార్కుకు లాక్కెళ్ళింది. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, మెట్టుకొక దేవుణ్ణి తలుచుకుంటూ, పక్కనుంచి ఉరికే పిల్లలను లోలోపల తిట్టుకుంటూ ఎక్కాను. పైన జనమంతా సెల్‌ఫోన్లు ఎత్తి పడమటి దిక్కుకే చూస్తుంటే నేను మాత్రం నాకు తెలియకుండానే తూర్పు వాలుకేసి తిరిగి కూర్చున్నాను. పొద్దు ఇటుంది నానమ్మా అని మనవరాలు ఒకటే నవ్వు. నవ్వదా మరి, దానికేం తెలుసు!

తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ గుట్టకు మెట్లు కట్టి, చుట్టూ కంచె వేసినప్పుడు, నలభై ఏళ్ళుగా ఇక్కడే మేకలు మేపిన మా అత్తమ్మ మందను అమ్మేసింది. ఆ మరుసటి ఏడే కంటి దవాఖానలో డాక్టరు ఆమె చూపు ఇక నిలవదని, మహా అయితే ఏడాదని చెప్పాడు. ఆటోలో తిరిగి వస్తూ, గుండె రాయి చేసుకుని, ఏం చూడాలని ఉందో అడిగాను. ఏ తిరుపతో శ్రీశైలమో అంటుందనుకున్నాను.

"గుట్ట మీదికెళ్ళి పొద్దు గూకుడు జూడాలె పిల్లా. ఒక్కపారన్న సూడలే," అన్నది.

రోజూ గుట్ట మీదే ఉన్న మనిషి అట్లా అనడమేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. తరువాత ఆలోచిస్తే తెలిసింది, మేకలు కాసేవాళ్ళకు పొద్దు వాలడమంటే మందను తూర్పు వాలు మీదుగా ఇంటికి మలిపే వేళ. అప్పుడు పడమటికేసి చూస్తూ నిలబడితే రాళ్ళ సందున ఏదో ఒక మేకపిల్ల నిలిచిపోతుంది, తెల్లారేసరికి తోడేలు పాలవుతుంది.

అంగన్‌వాడీలో నా పని ముగించుకుని, ఒకనాడు ఆమె చేయి పట్టుకుని మెల్లగా పైకి ఎక్కించాను. తీరా పొద్దు ఎర్రబడిందో లేదో, ఆమె చటుక్కున వెనక్కి తిరిగి, నాలుక మడిచి మందను పిలిచే కూత వేసి, కిందికి నడక మొదలుపెట్టింది. నేను పరుగెత్తి పట్టుకుని వెనక్కి తెచ్చేలోగా పొద్దు మునిగిపోయింది. అమ్మేసిన మేకల కోసం ఇంత ఆగమా అని నలుగురిలో కసిరాను కూడా, ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆమె మాత్రం కోపం తెచ్చుకోలేదు.

"పొద్దు రేపు గూడ గూకుతది బిడ్డా. తప్పిన మేక రేపొస్తదా?" అన్నది.

మర్నాడు తానే బయలుదేరదీసింది. పైకి చేరాక బండ మీద పడమటికి తిరిగి కూర్చుని, నన్ను వెనక్కి తిప్పి, తన వీపుకు నా వీపు ఆనించి కూర్చోబెట్టింది.

"నువ్వు మేకల జూడు. నేను పొద్దును జూస్త."

ఖాళీ తూర్పు వాలును రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను. మధ్యమధ్యలో, ఉన్నయా అని అడిగేది. ఉన్నయి అత్తమ్మా, అన్నీ ఉన్నయి అనేదాన్ని. పొద్దు పూర్తిగా మునిగినా ఆమె లేవలేదు. నా వీపుకు ఆమె ఊపిరి తెలుస్తూనే ఉంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను కానీ, పా పోదాం, బువ్వ వండాలె అని లేచింది.

ఆ ఎండాకాలానికి ఆమెకు వెలుగూ చీకటీ ఒకటే అయ్యాయి. పోయేదాకా ఆ ఒక్క పొద్దు గూకుడు సంగతే వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంది.

ఇప్పుడు గుట్ట మీద బెంచీలున్నాయి, అందరూ నిమ్మళంగా పొద్దు చూస్తారు. మనవరాలి పోరు పడలేక నేనూ పడమటికి తిరిగాను. బాగానే ఉంది కానీ, వీపు వెనక ఎవరూ లేక మనసు నిలవలేదు. కాసేపు తూర్పుకు తిరిగి కూర్చోవే అని దాన్ని అడగాలనిపించింది. ఏం చూడాలి నానమ్మా అంటే ఏం చెప్పను?