ఇసక కుండలో ఫిల్మ్ బ్యాడ్జి

అరవైల చివర్లో ఒక ఆరునెలలు నేను కళింగపట్నం ఒడ్డున ఒక విదేశీ శాస్త్రవేత్త వెంట తిరిగాను. అక్కడి నల్ల ఇసకలో సహజంగానే కొంత రేడియేషన్ ఉంటుంది. దాన్ని కొలవడానికి ఆయన్ని వాళ్ల విశ్వవిద్యాలయం పంపింది. విజయనగరంలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరుగా ఉన్న నన్ను, ఇంగ్లీషూ ఆ ఊరూ రెండూ తెలిసినవాణ్ణని మా కాలేజీవాళ్లు తోడిచ్చారు. ఇద్దరం కళింగపట్నంలోనే మా మేనత్త ఇంట్లో దిగాం.

ఆయన చొక్కా జేబుకి ఎప్పుడూ ఒక చిన్న బ్యాడ్జి ఉండేది. లోపల ఫిల్మ్ ముక్క. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది చెబుతుంది. నెలనెలా ఆ ఫిల్మ్ పోస్టులో వాళ్ల దేశం వెళ్లేది, కొత్తది వచ్చేది. దాంతోపాటు ఒక ఉత్తరం: నిద్ర పడుతోందా, నీళ్లు కాచి తాగుతున్నారా అని. ఆ ఉత్తరం చూస్తే నాకు ఒళ్లు మండేది. అదే ఇసకలో అదే ఎండలో నేనూ తిరుగుతున్నాను. మా ప్రిన్సిపాలు నన్నడిగిందల్లా మళ్లీ డ్యూటీలో ఎప్పుడు చేరతావని.

మూడో నెల ఫిల్మ్ వెళ్లాక టెలిగ్రాం వచ్చింది: ఫిల్మ్ మీద రేడియేషన్ హద్దు దాటింది. పని ఆపండి, మద్రాసులో రక్తపరీక్ష చేయించుకోండి, వెంటనే తిరిగి రండి. ఆయన ముఖం పాలిపోయింది. వరండాలో కూర్చోలేడు, నిలబడలేడు. నాకూ కాలు నిలవలేదు. ఆయనకి తగిలితే నాకూ తగిలినట్టే కదా.

సంగతేమిటని అత్త అడిగితే చెప్పాను. ఆవిడ తాపీగా అంది. "ఆ తాయెత్తేనా? సాయంత్రం నీళ్లోసుకోడానికెల్తా జోళ్ల పక్కన ఇడిసీసి పోతన్నాడురా. తాయెత్తు అలాగ పడుండకూడదు గదా. నెల్లాళ్లనుంచీ శుభ్రంగా ఇసక కుండలో ఎడతన్నాను. తెల్లారీసరికి మళ్లీ తీసి ఆయన బల్ల మీద ఎట్టీసేదాన్ని."

ఆ కుండలోది ఒడ్డు నుంచి తెచ్చుకున్న నల్ల ఇసక. వేడి బాగా పట్టుకుంటుందని ఆవిడ మురీలు, అంటే మరమరాలు, అందులోనే వేయించి అమ్మేది. ఇరవై ఏళ్లుగా అదే బతుకుతెరువు. ఆయన రేడియేషన్ కొలిచే మీటరు తెచ్చి కుండ దగ్గర పెట్టాడు. అది ఆగకుండా టకటకలాడింది. ఆయన నవ్వాడు, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తగిలింది ఫిల్ముకే కానీ ఆయన ఒంటికి కాదు.

నేనూ నవ్వాను. అంతలో కుండ పక్కన అరిగిపోయిన పీట కనబడింది. అత్త రోజంతా కూర్చునేది దాని మీదే.

"మరి మా అత్త సంగతి?" అన్నాను. ప్రమాదం ఎంతో మీటరు ఒక్కటే చూసి చెప్పలేనని, పైవాళ్లకి రాస్తానని ఆయన అన్నాడు. నిజంగానే రాశాడు. జవాబు వచ్చేదాకా నేను రోజూ పోస్టాఫీసుకి రెండుసార్లు తిరిగాను. చివరికి వచ్చింది: మీరు క్షేమమని తెలిసి సంతోషం, వెంటనే బస మార్చండి. అత్త ఊసే లేదు. కాగితం వెనక వైపు కూడా తిప్పి చూశాను.

ఆయన శ్రీకాకుళం బంగళాకి మారిపోయిన రోజు అత్త నన్ను గుమ్మంలో ఆపింది.

"నా వల్ల ఏటైనా తప్పయిందేటిరా? ఆ బాబుకి ఏటీ అవనేదు గదా?"

"ఏటీ అవనేదత్తా."

"ఆ ఇసకలో ఏటో ఉన్నాదన్నారు గదా. మరి నాను మురీలు ఏపుకోవచ్చునా? నువ్వే సెప్పు."

వద్దంటే మాట ఊరంతా పాకుతుంది. ఒడ్డు మీదికి మమ్మల్ని ఎవరూ రానివ్వరు. పని ఆగిపోతుంది, పీహెచ్‌డీకి ఆయన రాస్తానన్న సిఫార్సూ పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్కలోకి వచ్చాయి. సిగ్గుపడాల్సిన లెక్క అది. ఆయన బాగోగులు చూడ్డానికి సముద్రాలవతల ఒక ఆఫీసు ఉంది. అత్తకి ఉన్నది నేనొక్కణ్ణే.

"ఏపుకో అత్తా" అన్నాను. చదువుకున్నవాణ్ణని నమ్మి లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.